వంటపాత్ర పాడైందనుకునే ముందు: లక్షణం, కారణం, పరిష్కారం

పాత్ర అడుగంటినా, రంగు మారినా, జిగురు పట్టినా సాధారణంగా మనం చేసే మొదటి పని గట్టి పీచు తీసుకుని బలమంతా పెట్టి తోమడం. తోమితే మచ్చ పోతుంది కానీ మచ్చకు మూలమైన కారణం అలాగే ఉంటుంది. పైగా చాలా సందర్భాల్లో ఆ తోముడే పాత్రకు రెండో దెబ్బ అవుతుంది. పాత్రల్లో కనిపించే దోషాల్లో ఎక్కువ భాగం వేడితో ముడిపడినవే: వేడి మరీ ఎక్కువై ఉంటుంది, లేదా చాలినంత అంది ఉండదు, లేదా ఒక్కసారిగా మారి ఉంటుంది. అందువల్ల ఏ పాత్ర విషయంలోనైనా ముందుగా వేడి సంగతి విచారించి, ఆ తరువాతే పీచు చేతిలోకి తీసుకోవాలని నా అభిప్రాయం.

స్టీలు పాత్రకు పదార్థం అతుక్కుపోతోంది

తరచుగా వినిపించే ఫిర్యాదు ఇదే. పాత్ర నాసిరకమని అనుకుంటారు గానీ చాలాసార్లు తప్పు పాత్రది కాదు. స్టీలు వేడిని బాగా ప్రసరింపజేసే లోహం కాదు. దానితో పోలిస్తే అల్యూమినియం సుమారు 15 రెట్లు, రాగి సుమారు 25 రెట్లు మెరుగ్గా వేడిని ప్రసరింపజేస్తాయి. ఒకే పొరతో చేసిన పల్చటి స్టీలు గిన్నెలో మంట తగిలినచోట వేడి పోగుపడి అక్కడే మాడుతుంది, దాని పక్కన రెండు అంగుళాల దూరంలో పదార్థం ఇంకా పచ్చిగానే ఉంటుంది. ఇక గుడ్డు, మాంసం వంటి మాంసకృత్తులున్న పదార్థాలను సరిగా కాగని పాత్రలో వేస్తే, అవి ఉడికే క్రమంలో లోహపు ఉపరితలాన్ని గట్టిగా పట్టుకుంటాయి.

ఖాళీ పాత్రను మధ్యస్థమైన మంట మీద రెండు మూడు నిమిషాలు కాగనిచ్చి, ఒక నీటిచుక్క వేసి చూడండి. చుక్క చుయ్యిమని వెంటనే ఆవిరైపోతే పాత్ర ఇంకా కాగాలి. చుక్క విడిపోకుండా ముత్యంలా గుండ్రంగా దొర్లుతూ ఉంటే పాత్ర సిద్ధమైనట్టే. చుక్కకూ లోహానికీ మధ్య పల్చటి ఆవిరి పొర ఏర్పడటం వల్ల అలా జరుగుతుంది. 1756లో ఈ విషయాన్ని వివరంగా రాసిన జర్మన్ వైద్యుడు లైడెన్‌ఫ్రాస్ట్ పేరుతోనే దీన్ని ఇప్పటికీ పిలుస్తున్నారు. ఆ దశలో నీటిని పూర్తిగా తుడిచి, మంట కొంచెం తగ్గించి, నూనె వేసి, నూనె పలచబడి అంతటా పరుచుకున్నాక పదార్థం వేయాలి. వేసిన వెంటనే గరిటెతో కదిలించకూడదు. అడుగు ఎర్రబడ్డాక పదార్థం చాలావరకు తనంతట తానే విడివడుతుంది; అంతకుముందే బలవంతంగా లాగితే చిరిగిపోయి సగం పాత్రకే మిగిలిపోతుంది. తడిగా ఉన్నవాటిని బట్టతో అద్ది వేయడం కూడా చాలా మేలు చేస్తుంది. ఈ నీటిచుక్క పరీక్షను నాన్‌స్టిక్ పెనం మీద మాత్రం చేయవద్దు. ఎందుకో కింద చెబుతాను.

కొత్తది కొనేటప్పుడు రెండు స్టీలు పొరల మధ్య అల్యూమినియం పొర ఉన్నది ఎంచుకోవడం మంచిది. ఆ పొర అడుగున మాత్రమే ఉందా, అంచుల వరకూ ఉందా అన్నది అడిగి తెలుసుకోండి. అడుగున మాత్రమే ఉన్న పాత్రలో మంట ఆ అడుగు దాటి పైకి ఎగబాకితే గోడల మొదట్లో గుండ్రంగా మాడిన చార ఏర్పడుతుంది. అప్పుడు చేయవలసింది మంట తగ్గించడమే.

మాడు ఇప్పటికే పట్టి ఉంటే, అది మునిగేలా నీళ్లు పోసి, రెండు చెంచాల వంటసోడా వేసి పది పదిహేను నిమిషాలు మరిగించి, చల్లారాక చెక్క గరిటెతో గీరండి. అల్యూమినియం పాత్రలకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. సోడా వాటిని నల్లబరుస్తుంది.

స్టీలు మీద రంగులు, తెల్లటి మరకలు, సన్నటి గుంతలు

ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం పొరపాటు. ఇంద్రధనుస్సు లాంటి రంగులు అధిక వేడి వల్ల వస్తాయి. స్టీలును తుప్పు నుంచి కాపాడే క్రోమియం ఆక్సైడ్ పొర వేడికి కాస్త మందమైనప్పుడు వెలుగు దాని మీద భిన్నంగా పరావర్తనం చెందుతుంది. అందులో హాని ఏమీ లేదు. తెల్లటి మరకలు నీటిలోని కాల్షియం లవణాలవి. రెండింటికీ కొంచెం వెనిగర్‌తో తుడిచి కడిగితే సరిపోతుంది.

గుంతలు పడితే మాత్రం చేయగలిగింది లేదు. చల్లటి నీటిలో వేసిన ఉప్పు కరగకుండా అడుగున పేరుకున్నచోట, ఉప్పులోని క్లోరైడ్ ఆ రక్షణ పొరను ఛేదించి లోహాన్ని సూదితో పొడిచినట్టు తినేస్తుంది. నీరు మరగడం మొదలయ్యాకే ఉప్పు వేసి కలపడం, ఉప్పు ఎక్కువగా ఉన్న వంటకాన్ని అదే గిన్నెలో రాత్రంతా ఉంచకపోవడం, ఈ రెండూ పాటిస్తే ఆ బాధే ఉండదు.

పోత ఇనుప పెనం జిగురుగా ఉంది, లేదా తుప్పు పట్టింది

ఇనుప పెనం మీద నల్లగా నిగనిగలాడేది రంగు కాదు, వేడికి గట్టిపడి లోహానికి అంటుకుపోయిన నూనె పొర. నూనె ఎక్కువగా పూసినప్పుడు అది పూర్తిగా గట్టిపడలేక జిగురుగా మిగులుతుంది. కొత్తగా పెనం పదును చేసేవారిలో, అంటే ఈ నూనె పొరను ఎక్కించేవారిలో, చాలామంది ఇక్కడే పొరబడతారు. నూనె పూసిన తరువాత, అసలు పూయనే లేదన్నంతగా పొడిబట్టతో తుడిచేయాలి. ఆపై పెనాన్ని ఓవెన్‌లో బోర్లించి 230 నుంచి 250 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు ఉంచి, అందులోనే చల్లారనివ్వాలి. ఓవెన్ లేకపోతే పొయ్యి మీదే, గాలి బాగా ఆడేచోట, పొగ తగ్గేవరకు కాల్చవచ్చు. కానీ అంచులకు పదును సమంగా పట్టదు. జిగురు ఇప్పటికే ఉంటే నూనె మళ్లీ పూయకుండా ఇదే విధంగా ఇంకో గంట కాల్చి చూడండి.

తుప్పు చూసి పెనాన్ని పారవేయడం నిజంగా అన్యాయం. స్టీలు పీచుతో తుప్పంతా గీకి, కడిగి, వెంటనే పొయ్యి మీద పెట్టి తడి పూర్తిగా ఆర్చి, పైన చెప్పినట్టు మళ్లీ పదును చేస్తే అది కొత్తదానితో సమానంగా పనిచేస్తుంది. తుప్పు మరీ మందంగా ఉంటే సమానంగా కలిపిన వెనిగర్, నీళ్లలో నానబెట్టవచ్చు గానీ గంటకు మించి ఉంచితే ఆమ్లం ఇనుమునే తినడం మొదలుపెడుతుంది. పులుపు పదార్థాలను ఎక్కువసేపు ఉడికించినా ఇదే కారణంతో పదును పోతుంది. తక్కువ పరిమాణంలో సబ్బు వాడితే పాడవుతుందనే భయం మాత్రం అక్కర్లేదు. పెనానికి అసలు శత్రువు నానబెట్టడమే.

నాన్‌స్టిక్ పెనానికి కూడా అంటుకుంటోంది

రెండు కారణాలుండవచ్చు. మొదటిది, నూనె పలుమార్లు మాడి పూత మీద కంటికి ఆనని పొరగా పేరుకోవడం. వంటసోడాను నీటితో మెత్తగా కలిపి రాసి, పావుగంట తరువాత మెత్తటి స్పాంజితో రుద్దితే పెనం మళ్లీ దారికి వస్తుంది. రెండవది, పూతే అరిగిపోవడం. దీనికి మరమ్మతు లేదు.

పూత త్వరగా పాడవడానికి ముఖ్య కారణం గరిటె గీతలకంటే అతి వేడి. ఈ పూతలో ఉండే పీటీఎఫ్ఈ అనే పదార్థం సుమారు 260 డిగ్రీలు దాటాక క్షీణించడం మొదలుపెడుతుంది. 350 డిగ్రీలు దాటితే హానికరమైన వాయువులు ఎక్కువగా వెలువడతాయి. పెద్ద మంట మీద పెట్టిన ఖాళీ పెనం కొద్ది నిమిషాల్లోనే మొదటి హద్దు దాటగలదు. నీటిచుక్క పరీక్ష వద్దన్నది ఇందుకే. ఆ వాయువులకు మనుషుల్లో జ్వరం, దగ్గు లాంటి లక్షణాలు కలుగుతాయి. ఇంట్లో పెంపుడు పక్షులుంటే అవి చనిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఈ విషయంలో కఠినంగా ఉండక తప్పదు. మధ్యస్థమైన మంట దాటనివ్వకండి, ఖాళీగా వేడి చేయకండి, పూత పెచ్చులూడితే ఆ పెనాన్ని పక్కన పెట్టేయండి.

ప్రెషర్ కుక్కర్ విజిల్ వేయడం లేదు

మామూలు గిన్నెలో నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కుక్కర్‌లో పీడనం చదరపు అంగుళానికి 15 పౌండ్లు పెరిగినప్పుడు ఆ మరుగు స్థానం 121 డిగ్రీలకు చేరుతుంది. వంట త్వరగా కావడం వెనుక ఉన్న కిటుకు అదే. విజిల్ రాలేదంటే ఆవిరి ఎక్కడో తప్పించుకుంటోందని గాని, వెళ్లవలసిన దారి మూసుకుపోయిందని గాని అర్థం. ఈ రెండింటి తేడా తెలియడం ప్రాణావసరం.

మూత అంచునుంచి ఆవిరి వస్తుంటే ముందుగా పొయ్యి ఆపండి. మూతలోని రబ్బరు రింగుకు (గ్యాస్కెట్‌కు) మెతుకు అంటుకుందేమో, మూత అంచు సొట్టపోయిందేమో చూడండి. గ్యాస్కెట్‌ను వంచితే పగుళ్లు కనిపించినా, సాగి వదులైనా, గట్టిపడినా కొత్తది వేయాలి. చల్లటి నీటిలో కాసేపు ఉంచితే కొద్దిరోజులు పట్టు దొరకవచ్చు గానీ అది తాత్కాలికమే. వాడిన ప్రతిసారీ తీసి కడిగి ఆరబెట్టడం, మూత బిగించి కాకుండా బోర్లించి దాచడం దాని ఆయుష్షును పెంచుతాయి.

అంచు నుంచి ఆవిరి రాకుండానే విజిల్ ఆగిపోతే అది మరింత తీవ్రమైన లక్షణం. వెంటనే పొయ్యి ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, మూత తీసి, వెయిట్ కూర్చునే గొట్టంలోంచి వెలుతురు వైపు చూడండి. ఆ రంధ్రంలోంచి వెలుగు కనిపించకపోతే సూదితో శుభ్రం చేసి, నీరు పోసి చూడనిదే కుక్కర్ వాడకండి. ఇలా మూసుకుపోవడానికి కారణం అతిగా నింపడం: పాత్రలో మూడింట రెండు వంతులకు మించకూడదు, నురగ వచ్చే పప్పుధాన్యాలైతే సగం వరకే.

సేఫ్టీ వాల్వ్ ఊడిపోతే అది తన పని తాను చేసినట్టు. నీళ్లు తక్కువయ్యాయా, గొట్టం మూసుకుపోయిందా అని కారణం వెతికి, అదే తయారీదారు ఆ నమూనాకు ఇచ్చిన వాల్వ్‌నే వేయించాలి. 1679లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త డెనిస్ పాపిన్ కుక్కర్‌కు మూలమైన మొట్టమొదటి ఆవిరి పాత్రను చూపించిన తరువాత, అది పేలకుండా కాపాడేందుకు ఆయనే ఒక వాల్వ్ కూడా జతచేశారు. ఆ రంధ్రాన్ని మరో వస్తువుతో బిగించడమంటే ప్రమాదాన్ని పాత్రలో బంధించి పెట్టడమే. అలాగే మూత రాకపోతే బలవంతం చేయవద్దు. లోపల ఒత్తిడి ఉందని అది చెబుతోంది.

అల్యూమినియం కుక్కర్ లోపల నల్లబడితే భయపడనక్కరలేదు. నీటిలోని క్షారగుణం వల్ల అలా అవుతుంది. నిమ్మతొక్కలు గాని, నిమ్మ ఉప్పు గాని వేసి నీళ్లు మరిగిస్తే తెల్లబడుతుంది.

ఇండక్షన్ పొయ్యి పాత్రను గుర్తించడం లేదు

అడుగుకు అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కోకపోతే ఆ పాత్ర పనికిరాదు. అతుక్కున్నా పొయ్యి ఊరుకుంటే అడుగు మరీ చిన్నదై ఉండాలి, లేదా వంగి ఉండాలి. కాగిన పెనాన్ని చల్లటి నీటికింద పెట్టే అలవాటే ఆ వంపుకు సాధారణ కారణం, అది ఇంట్లో సరిచేయడం సాధ్యం కాదు. పొరల పాత్రలు సన్నగా గుయ్యిమనడం మాత్రం దోషం కాదు. వేడి స్థాయి తగ్గిస్తే తగ్గుతుంది.

మిక్సీ ఆగిపోయింది, మైక్రోవేవ్‌లో మెరుపులు వస్తున్నాయి

మిక్సీ ఆగితే ప్లగ్ తీసి, జార్‌లో కొంత తగ్గించి, పావుగంట చల్లారనిచ్చి, అడుగున ఉండే ఓవర్‌లోడ్ బటన్ నొక్కండి. మోటారు తిరుగుతూ బ్లేడు తిరగకపోతే ఆ రెండింటినీ కలిపే కప్లర్ అరిగినట్టు. జార్ అడుగునుంచి కారుతుంటే బ్లేడు కింద ఉన్న బుష్, రబ్బరు మార్పించాలి. ఆ నీరు మోటారులోకి దిగకముందే ఈ పని చేయించడం మంచిది.

మైక్రోవేవ్‌లో మెరుపులకు బంగారు అంచున్న పళ్లెమో, రేకు ముక్కో కారణం కావచ్చు. అవేవీ లేకపోతే లోపలి పక్కగోడకు ఉండే అభ్రకపు రేకుమీద జిడ్డు మాడి ఉంటుంది. తడిబట్టతో తుడిచినా మచ్చ పోకపోయినా, రేకు కాలి ఉన్నా కొత్తది వేయించాలి. అయితే బయటి పెట్టెను మాత్రం స్వయంగా విప్పకండి: లోపలి కెపాసిటర్ ప్లగ్ తీసిన తరువాత కూడా ప్రాణాంతకమైన విద్యుత్తును నిల్వ ఉంచుకోగలదు.