మచ్చు పిచ్చుకి బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

పెరూ వెళ్లేవాళ్ల టెన్షనంతా కొండ మీదున్న ఇన్కా రాజుల కాలపు పాత నగరం మచ్చు పిచ్చు ఎత్తు గురించే. నిజంగా ఇబ్బంది పెట్టేది దారిలో ఉన్న కుస్కో నగరం.

• ఎత్తు: మచ్చు పిచ్చు 2,430 మీటర్లే, కుస్కో దాదాపు 3,400. సముద్రం పక్కనున్న లిమా నుంచి విమానంలో నేరుగా అక్కడ దిగితే తలనొప్పి, వాంతులు, ఆయాసం రావచ్చు. దిగిన రోజే ఊరంతా తిరిగేయకండి. కుదిరితే ముందు కాస్త కిందనున్న ఊరు ఒల్లంతాయ్‌టాంబోకి వెళ్లి రెండు రాత్రులు ఉండండి. రంగుల కొండ వినికుంకా 5,000 మీటర్లు దాటుతుంది, దాన్ని చివరి రోజులకు పెట్టుకోండి. తలనొప్పి పెరుగుతున్నా, నడకలో తూలుతున్నా ఓర్చుకోవద్దు, వెంటనే కిందికి దిగిపోండి. గుండె జబ్బున్నవాళ్లు టికెట్లు కొనకముందే డాక్టర్‌ని అడగాలి.

• ఎల్లో ఫీవర్ టీకా: ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోండి. పెరూ నుంచి తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో ఆ టీకా వేయించుకున్నట్టు కార్డు అడుగుతారు.

• మచ్చు పిచ్చు టికెట్ మీద రోజు, గంట ఉంటాయి. పాస్‌పోర్ట్ ఒరిజినల్ తీసుకెళ్లండి. పక్కనే ఉన్న శిఖరం వైనా పిచ్చు ఎక్కాలంటే టికెట్ వేరు. టాయిలెట్లు గేటు బయటే!

• మచ్చు పిచ్చుకి నడిచి వెళ్లే దారి ‘ఇన్కా ట్రెయిల్’ని ఫిబ్రవరిలో మూసేస్తారు. నవంబర్ నుంచి మార్చి దాకా వానలే, రెయిన్‌కోటు మరవద్దు.

• హోటల్లో ఇచ్చే కోకా ఆకుల టీ తాగొచ్చు. ఆ ఆకులు మాత్రం బ్యాగులో వేసుకురావద్దు, ఇక్కడ మాదకద్రవ్యాల కేసవుతుంది.