కార్తీకంలో కొరియాలో ఉన్నారా? యోంగ్మున్సా గింకో చూసి రండి

అక్టోబర్ ఆఖర్లో మీరు సువాన్‌లోనో సియోల్‌లోనో పిల్లల దగ్గర ఉంటే, ఈ గుడి కోసం అబ్బాయిని సెలవు పెట్టమని అడగకండి. శనివారం దాకా ఆగుదామనీ అనుకోకండి. గింకో చెట్టు శని ఆదివారాలు చూసుకుని ఆకులు రాల్చదు. యోంగ్మున్సాకు పెద్దవాళ్ళు మెట్రోలో సొంతంగా వెళ్ళి, చీకటి పడకముందే ఇంటికి చేరవచ్చు. నేనూ మావారూ అలాగే వెళ్తాం. నేను తెనాలిలో డిగ్రీ పిల్లలకు బోటనీ చెప్పి రిటైరైనదాన్ని. ఆయనకు కుడి మోకాలు సహకరించదు. అందుకని ఇందులో చెట్టు గురించి కాస్త ఎక్కువగా, నడక గురించి ఇంకాస్త ఎక్కువగా ఉంటుంది. బుద్ధుడి దర్శనం గురించి మీకే తెలుసు.

ముందు చెట్టు సంగతి. యోంగ్మున్సా సియోల్‌కు తూర్పున యాంగ్‌ప్యోంగ్ ప్రాంతంలో, 1,157 మీటర్ల యోంగ్మున్ కొండ లోయలో ఉంది. గుడి ముంగిట ఉన్న గింకో ఎత్తు దాదాపు 40 మీటర్లు, అంటే పదమూడు అంతస్తుల అపార్ట్‌మెంటంత. వయసు వెయ్యేళ్ళు దాటిందని అంచనా. కొరియా ప్రభుత్వం దీన్ని సహజ సంపదగా ప్రకటించి కాపాడుతోంది. పక్కనే పిడుగుల నుంచి కాపాడటానికి చెట్టు కంటే ఎత్తైన ఇనుప స్తంభం నిలబెట్టారు. ఫొటోల్లో అది రాకూడదని జనం నానా అవస్థలూ పడతారు. నాకైతే అది ఉన్నందుకే ధైర్యంగా ఉంటుంది.

ఎవరు నాటారన్నదానికి రెండు కథలున్నాయి. 935లో సిల్లా అనే పాత కొరియా రాజ్యం పోయాక, ఆఖరి రాజు కొడుకు దుఃఖంతో గుమ్‌గాంగ్ కొండలకు వెళ్తూ దారిలో నాటాడని ఒకటి. ఉయ్‌సాంగ్ అనే భిక్షువు చేతికర్ర గుచ్చితే అదే చిగిర్చిందని రెండోది. ఉయ్‌సాంగ్ 702లోనే పోయాడు కాబట్టి రెండు కథల మధ్యా రెండు వందల ఏళ్ళకు పైగా తేడా ఉంది. నా ఓటు యువరాజుకే. గింకో కొమ్మ నాటితే బతుకుతుంది గానీ, ఎండిన చేతికర్ర చిగిర్చడం బోటనీ మాస్టారమ్మకు మింగుడుపడే విషయం కాదు. పదిహేనో శతాబ్దపు కొరియా రాజు సెజోంగ్ కాలంలో ఈ చెట్టుకు ఆస్థానంలో పెద్ద అధికారి హోదా కూడా ఇచ్చారట. 1907లో తమను ఎదిరించిన కొరియా తిరుగుబాటుదార్ల మీద కోపంతో జపాన్ సైన్యం గుడిని తగలబెట్టినప్పుడు ఇది మాత్రం మిగిలింది. మీరు ఇప్పుడు చూసే మండపాలు చాలావరకు ఆ తర్వాత కట్టినవే. అంటే ఇక్కడ పురాతనమైనది చెట్టే. నిప్పును తట్టుకోవడంలో ఈ జాతి గట్టిది. హిరోషిమాలో బాంబుకు కాలిపోయి మళ్ళీ చిగిర్చిన గింకోలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక అసలు విషయం, ఎప్పుడు వెళ్ళాలి. ఈ ఒక్కటి సరిగ్గా చూసుకుంటే మిగతావన్నీ వాటంతటవే కుదురుతాయి. మేపుల్ లాంటి చెట్లలో చలి మొదలయ్యాక ఎరుపు రంగు కొత్తగా తయారవుతుంది. ఆ ఎరుపు ఏడాదికోలా ఉంటుంది. గింకోలో ఎరుపు పుట్టదు. పత్రహరితం విరిగిపోతే ఆకులో ముందునుంచీ ఉన్న పసుపు బయటపడుతుంది, అంతే. కాబట్టి ఈ ఏడాది రంగు బాగుందా లేదా అని వాకబు చేయనక్కర్లేదు, పసుపు ఎప్పుడూ బాగానే ఉంటుంది. ఎన్నాళ్ళు ఉంటుందన్నదే ప్రశ్న. మిగతా చెట్లలో ఆకులు విడతలు విడతలుగా రాలతాయి. గింకోలో దాదాపు అన్ని తొడిమల దగ్గరా ఊడే పొర ఒకేసారి సిద్ధమవుతుంది. గట్టి మంచు ఒక్క రాత్రి పడితే చాలు, మర్నాడు ఎండ తగలగానే గాలి లేకపోయినా జలజలా రాలిపోతాయి. నిన్న నిండుగా ఉన్న చెట్టు ఇవాళ మోడు.

లోయలో చలి ముందొస్తుంది కాబట్టి యోంగ్మున్సా చెట్టు సియోల్ రోడ్ల మీది గింకోల కంటే ముందు పండుతుంది. మామూలుగా అక్టోబర్ చివరి వారం, నవంబర్ మొదటి వారం దాని సమయం. నేను చూసే గుర్తు ఇది: మా సువాన్ వీధిలో గింకో ఆకుల అంచులు పసుపెక్కి మధ్యలో ఇంకా పచ్చ ఉందంటే బయల్దేరాలి. సువాన్ పూర్తిగా పసుపైందంటే అక్కడ కొమ్మలే మిగిలుంటాయి. కొరియా అటవీ శాఖ ఏటా రంగుల అంచనా పటం విడుదల చేస్తుంది, అందులో గింకోకు విడిగా తేదీలుంటాయి. అది దిక్కు చూపుతుంది గానీ రోజు చెప్పదు. రోజు కోసం పిల్లల చేత నేవర్‌లో (ఇక్కడివాళ్ళు గూగుల్ లాగా వాడేది) గుడి పేరు కొట్టించి, కొత్త ఫొటోలు ముందు వచ్చేలా పెట్టించుకుని చూడండి. ఆ తర్వాత వాతావరణం చూడండి. రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు దిగుతుందని ఉంటే ఆ ముందు రోజే వెళ్ళండి. వాన, గాలి చెబుతున్నా అంతే.

అందరూ చెట్టు నిండుగా ఉన్న రోజు కావాలంటారు. నన్నడిగితే మూడోవంతు ఆకులు నేల మీద ఉన్న రోజే మంచిది. పైనా కిందా ఒకే రంగు ఉంటుంది, ఆకు రాలడమూ కళ్ళారా చూడొచ్చు. జనం కూడా కొంచెం పల్చబడతారు.

దారి సువాన్ నుంచి చెబుతాను. సుయిన్-బున్‌దాంగ్ లైన్ ఎక్కి చివరిదాకా, వాంగ్‌సిమ్ని దాకా వెళ్ళండి. అక్కడ గ్యోంగుయి-జుంగాంగ్ లైన్‌కు మారి యోంగ్మున్ అని రాసున్న రైలెక్కండి. ఈ లైన్లో కొన్ని రైళ్ళు మధ్యలోనే ఆగిపోతాయి, బోర్డు చూసుకోవాలి. తూర్పుకు పోయేకొద్దీ రైళ్ళు తక్కువ. ఒకటి తప్పిపోతే చాలాసేపు ప్లాట్‌ఫారం మీద కూర్చోవాలి. అన్నీ కలిపి రెండున్నర గంటల పైమాటే. కానీ పాల్దాంగ్ దాటాక హాన్ నది కనిపిస్తూ ఉంటుంది. యాంగ్సు దగ్గర ఉత్తర, దక్షిణ హాన్ నదులు కలుస్తాయి. సంగమం కనబడగానే మావారు చెయ్యెత్తి దండం పెడతారు. రైళ్ళకూ బస్సులకూ వాడే టీ-మనీ కార్డులో డబ్బులు ముందే నింపుకోండి. 65 ఏళ్ళు దాటినవాళ్ళకు ఉచితమన్నది ఇక్కడివాళ్ళ కార్డులకే, మన టూరిస్టు వీసాలకు వర్తించదు.

యోంగ్మున్ స్టేషన్ నుంచి గుడివైపు ఊరి బస్సు ఉంది, కానీ తరచుగా ఉండదు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు టాక్సీ తీసుకోవడం మేలు, పావుగంట దారి. డ్రైవరుకు కొరియన్ లిపిలో గుడి పేరు రాసుంచిన చీటీ చూపించండి. గూగుల్ మ్యాప్ ఇక్కడ నడక దారులు సరిగా చూపించదు, ఫోన్లో నేవర్ మ్యాప్ వేయించుకోండి. దిగిన చోటు నుంచి గుడికి కిలోమీటరు పైచిలుకు నడక. రోడ్డు నున్నగానే ఉంటుంది, మెల్లగా ఎక్కుతుంది. ఇల్జుమున్ అనే మొదటి ద్వారం దాటాక పక్కనే నీళ్ళ కాలువ వెంట వస్తుంది. కుర్రాళ్ళకు ఇరవై నిమిషాలు, మనకు ఆగుతూ ఆగుతూ నలభై. గుడి దాటి పైకి పోయే బాట కొండ శిఖరానికి. అదంతా రాళ్ళు, జోలికి పోవద్దు. 2023 మే నుంచి కొరియా బౌద్ధంలో పెద్దదైన చోగ్యే సంప్రదాయపు గుళ్ళలో చాలావాటికి ప్రవేశ రుసుము ఎత్తేశారు.

చలికి థర్మల్, దాని మీద స్వెటర్, పైన గాలి ఆపే కోటు. మంకీ క్యాపు వేసుకుంటే మనవలు నవ్వుతారు, నవ్వనివ్వండి. పొద్దున్న సున్నా దగ్గర ఉండేది మధ్యాహ్నానికి పదిహేను అవుతుంది. కాబట్టి విప్పి సంచీలో పెట్టుకునేలా వేసుకోండి. చెట్టు మీదికి ఎండ బాగా పడేది పది నుంచి రెండు మధ్య. నవంబర్లో పొద్దు అయిదున్నరకల్లా గుంకుతుంది, లోయలో ఎండ ఇంకా ముందే పోతుంది.

చెట్టు దగ్గరికి చేరాక వెంటనే ఫోను తీయకండి. ఒక రాలిన ఆకు అరచేతిలో పెట్టుకుని ఎండకు ఎత్తి చూడండి. విసనకర్రలా విచ్చుకున్న ఆకులో నడి ఈనె ఉండదు. ఈనెలు ఒకటి రెండుగా, ఆ రెండు నాలుగుగా చీలుతూ అంచుదాకా పోతాయి. మన మామిడాకులో, రావాకులో ఇలా కనబడదు. ఈ వంశం డైనోసార్ల కంటే పాతది. దాయాదులందరూ అంతరించిపోగా ఈ ఒక్క జాతి మిగిలింది. క్లాసులో వివృతబీజాలు, అంటే కాయలో దాగకుండా గింజ బయటే ఉండే మొక్కలు, చెప్పేటప్పుడు సైకస్, పైనస్ నిజం కొమ్మలు తెచ్చి చూపించేదాన్ని. గింకోకు మాత్రం పుస్తకంలో బొమ్మే గతి. 1896లో జపాన్‌లో హిరాసే అనే ఆయన గింకోలో ఈదే పురుష కణాల్ని కనిపెట్టాడని ఏళ్ళ తరబడి పాఠం చెప్పి, చెట్టును అరవై దాటాక చూశాను. తర్వాత గుడి మెట్లెక్కి పైనుంచి చూడండి. కింద నిలబడితే మాను తెలుస్తుంది, పైనుంచి చూస్తేనే గొడుగు తెలుస్తుంది.

ఇది ఆడ చెట్టు. అంటే గింజలు రాలతాయి, వాటి పైన మెత్తని కండ కుళ్ళి కంపు కొడుతుంది. పాడైన వెన్నలో ఉండే బ్యుటిరిక్ ఆమ్లమే అందులోనూ ఉంది. బూటు కింద నలిగితే రైల్లో పక్కవాళ్ళు లేచిపోతారు, చూసి అడుగేయండి. చేత్తో ముట్టుకుంటే కొందరికి దురద, బొబ్బలు వస్తాయి. రక్షిత వృక్షం కాబట్టి ఏరుకోకూడదు కూడా. కాల్చిన గింజలు బయట దొరుకుతాయి, రుచిగా ఉంటాయి, కానీ పల్లీల్లా తినేవి కావు. బి6 విటమిన్‌కు అడ్డుపడే విషపదార్థం వాటిలో ఉంది, ఉడికించినా పూర్తిగా పోదు. పెద్దవాళ్ళు రోజుకు పది లోపు, పిల్లలు రెండు మూడుకు మించకూడదని ఇక్కడి ఆహార శాఖ చెబుతుంది. పచ్చివి అసలే వద్దు.

గుళ్ళోకి వెళ్ళేటప్పుడు ఎదురుగా ఉన్న నడి తలుపు భిక్షువులది, మనం పక్క తలుపులోంచి పోవాలి. చెప్పులు బయటే. లోపల ఫొటోలు తీయవద్దు. మూడుసార్లు మోకరిల్లడం ఇక్కడి పద్ధతి. ఒంగలేనివాళ్ళు నిలబడి చేతులు జోడిస్తే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు.

భోజనం. ఈ రోజులు మనకు తరచుగా కార్తీక మాసంలో పడతాయి. ఉల్లి, వెల్లుల్లి మానేసినవాళ్ళకు కొరియా హోటళ్ళలో గడ్డుకాలమే. విచిత్రమేమిటంటే ఇక్కడి భిక్షువుల వంటలోనూ ఉల్లి, వెల్లుల్లి నిషేధం. ఆ నియమం గుడి వంటగదికే గానీ గుడి కింద హోటళ్ళకు లేదు. అక్కడ దొరికేది సన్‌ఛే బిబింబాప్, కొండ ఆకుకూరలు కలిపిన అన్నం. "కోగి ప్పెజుసెయో" అంటే మాంసం, "కేరాన్ ప్పెజుసెయో" అంటే గుడ్డు వేయరు. పక్కన ఇచ్చే పులుసులో తరచుగా ఎండు చేపల రసం ఉంటుంది, కిమ్చీ అనే కూరగాయల ఊరగాయలో చేపల సాస్. రెండూ పక్కకు జరిపేయండి. మేము నియమం ఉన్న రోజుల్లో పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్ళి, కింద పార్కింగ్ దగ్గరి పచ్చికలో తింటాం. ఉసిరి చెట్టు దొరకదు గానీ వనభోజనమే. గుడి ఆవరణలో మాత్రం డబ్బాలు విప్పకండి.

ఆకులు దాచుకోవాలనుంటే గుడిలో ఏరకండి, మీ వీధిలో చీపురు పడకముందు కావలసినన్ని దొరుకుతాయి. తడి తుడిచి, పాత పేపర్ల మధ్య పెట్టి, పైన బరువు పెట్టండి. రెండు రోజులకోసారి పేపరు మార్చండి. గింజలు మాత్రం ఇండియాకు తీసుకురావద్దు, మొక్కల క్వారంటైన్ కాగితాలు అడుగుతారు.

ఒక రాత్రి బయట ఉండగలిగితే, మోకాళ్ళు ఒప్పుకుంటే, బుసోక్సా. చోంగ్న్యాంగ్ని నుంచి రైల్లో యోంగ్జు, అక్కడినుంచి బస్సు. ఉయ్‌సాంగ్ 676లో స్థాపించిన గుడి ఇది, 2018లో యునెస్కో జాబితాకెక్కింది. ఇక్కడ ఒక మహావృక్షం కాకుండా ద్వారం దాకా ఇరుపక్కలా గింకోల వరస, దాని వెనక ఆపిల్ తోటలు. పైన కొరియాలో మిగిలిన అతి పాత చెక్క మండపాల్లో ఒకటి ఉంది. లోపల అమితాభ బుద్ధుడు పడమటి పక్కన కూర్చుని తూర్పుకు చూస్తుంటాడు. మెట్లు నిటారుగా ఉంటాయి, మావారు కింద ఆపిళ్ళు అమ్మే అవ్వల దగ్గరే ఆగిపోయారు. వెళ్ళేవాళ్ళు తిరుగు రైలు టికెట్టు ముందే కొనుక్కోండి, ఆ రోజుల్లో సాయంత్రం సీట్లు తొందరగా అయిపోతాయి.