డిసెంబరులో గోదావరి జిల్లాలు చూడ్డానికి బ్యాగు ఎలా సర్దుకోవాలి

హైదరాబాదు నుంచి మా అన్నయ్య పిల్లలు వస్తున్నారంటే ఫోనులో ఇదే చెప్తాను. అంతర్వేదిలో గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోట పగలు ఎండ చుర్రుమంటుంది, కాటన్ బట్టలే హాయి. పాపికొండల లాంచీకీ, మారేడుమిల్లిలో రాత్రికీ మాత్రం స్వెట్టరు, మంకీ క్యాపు తప్పనిసరి. ఒకసారి పల్చటి చున్నీతో లాంచీ పైకెక్కాను. పొగమంచులో పళ్ళు టకటకలాడుతుంటే కిందికి దిగిపోయాను, కొండలు సగం చూడనేలేదు. అప్పటినుంచి శాలువా బ్యాగులో అన్నిటికన్నా పైనే పెడతాను. జీన్సు ఒక్కటి చాలు, తడిస్తే ఈ తేమకి ఓ పట్టాన ఆరదు. రబ్బరు చెప్పులు, దోమల క్రీము, టార్చి. ఆత్రేయపురం పూతరేకులు కొనేవాళ్ళు ఖాళీ స్టీలు డబ్బా తెచ్చుకోండి, అట్టపెట్టె బ్యాగులో నలిగితే రేకులన్నీ పొడైపోతాయి.