చలికాలంలో డిస్క్ గోల్ఫ్: డిస్క్ ఎందుకు తప్పుతోంది, మోచెయ్యి ఎందుకు పట్టేస్తోంది

ప్లేటు లాంటి డిస్క్‌ను విసురుతూ చివరికి గొలుసుల బాస్కెట్‌లో వేసే ఆట డిస్క్ గోల్ఫ్. దీనికి చలికాలం జాగ్రత్తలు వెతికితే ఎక్కువగా మంచు కురిసే దేశాలవే దొరుకుతాయి. ఫిన్‌లాండ్ లాంటి చోట్ల మంచులో కూరుకుపోయిన డిస్క్‌ను కనిపెట్టడానికి దాని వెనక పొడుగాటి రిబ్బన్ అంటించి విసురుతారు. మనకు ఆ అవస్థ లేదు. హైదరాబాద్‌లో డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున 12, 13 డిగ్రీలుంటే మధ్యాహ్నానికి 28 దాకా వస్తుంది. మే నెల ఎండతో పోలిస్తే ఆడుకోవడానికి ఇంతకన్నా హాయైన కాలం లేదు. అయినా చాలామందికి ఆట చెడేది ఈ రెండు నెలల్లోనే. పగలు తక్కువ, గడ్డి తడి, పొద్దున్నే పొగ, మధ్యలో పండగ ప్రయాణం. డిసెంబరులో పట్టించుకోని చిన్న తప్పు ఫిబ్రవరిలో మోచేతి నొప్పిగా తేలుతుంది. అందుకే ఒక్కో లక్షణాన్నీ విడిగా పట్టుకుని చూద్దాం. ఇక్కడ చెప్పే దిక్కులు కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ (చేతిని ఒంటికి అడ్డంగా వెనక్కి చాచి) విసిరేవాళ్లవి. ఎడమచేతివాళ్లు తిరగేసి చదువుకోవాలి.

పొద్దున విసిరిన డిస్కులన్నీ ఎడమకే పోతున్నాయి

ముందు ఒకటి గమనించండి. డిస్క్ చేతిలోంచి వదలగానే ఎడమకు బయల్దేరిందా, లేక నేరుగా వెళ్లి చివర్లో ఎడమకు వంగిందా? రెండూ పడేది ఒకే చోట కావచ్చు, కారణాలు మాత్రం వేరు.

వదలగానే ఎడమకు పోయిందంటే అది పట్టు జారడం. మంచుతో తడిసిన గడ్డిలోంచి తీసిన డిస్క్‌కు అంచు లోపలి వైపు సన్నగా నీటి పొర ఉంటుంది. పైభాగం తుడిచి ఊరుకుంటాం, వేళ్లు పట్టుకునేది లోపలి అంచుని. చెయ్యి పూర్తిగా ముందుకు రాకముందే డిస్క్ జారిపోతుంది. నమ్మకం కుదరకపోతే మూడు డిస్కులు తీసుకోండి. ఒకటి పొడిగా తుడిచి, ఒకటి తడిగా, మళ్లీ ఒకటి పొడిగా విసరండి. రెండోదొక్కటే ఎడమకు పోతే మీ త్రోలో తప్పేమీ లేదు. సంచిలో రెండు నూలు తువ్వాళ్లు పెట్టుకోండి, ఒకటి బురద తుడవడానికి, ఇంకొకటి ఆఖరుసారి వేళ్లూ అంచూ ఒత్తడానికి. ఆ రెండోదాన్ని నేల మీద పెట్టొద్దు. అది తడిసిందంటే ఆ పూటకు పట్టు పోయినట్టే. జిమ్‌లో వాడే సుద్దపొడి ఉంటే ఇంకా మంచిది.

నేరుగా వెళ్లి, ముక్కు (ముందు అంచు) పైకెత్తి, ఆగినట్టయి ఎడమకు కూలిందంటే అది వేగం చాలక. కుడిచేతి బ్యాక్‌హ్యాండ్ డిస్క్ వేగం తగ్గాక ఎడమకు వాలడం దాని స్వభావం. చలిలో మందపాటి స్వెట్టర్ వేసుకుంటాం. చెయ్యి వెనక్కి సాగే సమయానికి భుజం దగ్గర గుడ్డ పట్టేస్తుంది, దాంతో సాగాల్సినంత సాగదు. పల్చటి చొక్కా మీద చేతుల్లేని స్వెట్టర్ వేసుకుంటే సగం సమస్య అక్కడే తీరుతుంది. మిగతా సగానికి ఆరేడు సూర్యనమస్కారాలు, ఆ తర్వాత పది త్రోలు పట్టర్‌తోనే (దగ్గరి త్రోలకు వాడే డిస్క్), సగం బలంతో. చల్లటి ఒంటితో నేరుగా దూరం విసిరే డిస్క్, డ్రైవర్ అందుకోవడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

దూరం తగ్గింది

ఇందులో కొంత మీ తప్పు కాదు. 13 డిగ్రీల గాలి 40 డిగ్రీల గాలి కన్నా దాదాపు 9 శాతం చిక్కగా ఉంటుంది, డిస్క్‌ను ఆ మేరకు ఎక్కువ వెనక్కి లాగుతుంది. దానికి తోడు బేస్ ప్లాస్టిక్ (చవక రకం) డిస్కులు చల్లబడితే కాస్త గట్టిపడి చేతిలో కొత్తగా అనిపిస్తాయి. రాత్రంతా బండి డిక్కీలో ఉంచకుండా ఇంట్లో పెట్టుకుంటే చాలు. 175 గ్రాముల డిస్క్ బరువుగా తోస్తే 160 గ్రాముల దగ్గరిది ప్రయత్నించండి. దూరం కోసం బలం పెంచడం మాత్రం వద్దు. మోచేతి నొప్పి మొదలయ్యేది అక్కడే.

ముందు కాలు నిలవడం లేదు

దీన్ని కనిపెట్టడానికి చలికాలం పొద్దున్నకు మించిన గురువు లేదు. మంచు పట్టిన గడ్డి తెల్లగా, బూడిద పూసినట్టు ఉంటుంది. దాని మీద విసిరి, కదలకుండా కిందికి చూడండి. బూటు జారిన చోట మంచు తుడుచుకుపోయి ముదురు పచ్చ చార పడుతుంది. రెండు మూడు అంగుళాలైతే ఫరవాలేదు. జానెడు దాటిందా, మీ బలం డిస్క్‌లోకి పోవడం లేదు, గడ్డిలోకి పోతోంది. నడుము తిరిగే వేళకు ముందు కాలు గుంజలా నిలబడాలి. అది జారితే నడుము తిరగదు, ఆ లోటు చెయ్యే పూడుస్తుంది.

పరిష్కారం సులువు. ఎండెక్కి గడ్డి ఆరేదాకా పరుగు మానేసి, నిలబడిన చోటు నుంచే విసరండి. లేదా మైదానం అంచున మొరం నేల చూసుకోండి. ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు పొద్దున్నే నడకకు వెళ్లేవాళ్లకు అలాంటి ఎర్రటి గట్టి నేల అలవాటే. మొరం మీద, మన గ్రానైటు బండల పక్కన డిస్క్ అంచులు గీరుకుపోతాయి కాబట్టి అక్కడికి పాతవే తీసుకెళ్లండి. మేకుల ఫుట్‌బాల్ బూట్లు వేసుకుంటే జారదు కదా అని నన్ను అడిగినవాళ్లున్నారు. పాదం నేలలో ఇరుక్కుని, పైన ఒళ్లు తిరిగితే ఆ మెలి అంతా మోకాలు మీద పడుతుంది. నేనైతే వద్దనే అంటాను. విసిరాక ముందు పాదం మడమ మీద తిరగనివ్వండి.

సంక్రాంతి తర్వాత మోచెయ్యి నొప్పి

ఇది నాకే జరిగింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఊళ్లో పన్నెండు రోజులు అరిసెలు, సకినాలు తప్ప వేరే పని లేదు. తిరిగొచ్చిన మొదటి ఆదివారమే పోయిన రోజులన్నీ ఒక్కపూటలో రాబట్టాలని ఆత్రంగా అరవైకి పైగా పూర్తి బలంతో విసిరాను. దూరంగా క్రికెట్ ఆడుతున్న పిల్లలు "అన్నా, మీ ప్లేటు ఇక్కడ పడ్డది" అని కేకేస్తుంటే ఉత్సాహం ఇంకా పెరిగింది. మర్నాడు చాయ్ గ్లాసు ఎత్తుతుంటే మోచేతి బయటివైపు సూది గుచ్చినట్టయింది. మార్చి దాకా వదల్లేదు.

కారణం ఆ అరవై త్రోలు మాత్రమే కాదు. అంతకుముందు రెండు వారాలు మణికట్టు కండరాలకు పనే లేదు. కండరం తొందరగానే కోలుకుంటుంది, దాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువుకు ఎక్కువ కాలం పడుతుంది. ఒంట్లో ఊపు ఉంది కదా అని విసిరితే దెబ్బ తినేది స్నాయువే. బ్యాక్‌హ్యాండ్‌తో నొప్పి సాధారణంగా మోచేతి బయటివైపు, ఫోర్‌హ్యాండ్ (చెయ్యి ఒంటి పక్క నుంచే) ఎక్కువగా విసిరితే లోపలివైపు వస్తుంది.

నొప్పి రాకముందు చెయ్యాల్సింది: విరామం తర్వాత మొదటి రోజు పాతిక త్రోలు దాటొద్దు, బలం సగానికి కాస్త ఎక్కువ. ఒకరోజు వదిలి మళ్లీ పాతిక. అలా మూడో వారానికి పాత లెక్కకు రండి. ఊళ్లో ఉన్నా లీటరు నీళ్ల సీసా ఉంటుంది కదా. ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికి ఉండేలా సీసా పట్టుకోండి. రెండో చేత్తో మణికట్టును పైకి లేపి, ఆ చెయ్యి వదిలేసి, సీసాను నాలుగు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దించండి. దించడమే ఇక్కడ అసలు పని. పదిహేను సార్లు, మూడు విడతలు.

భుజానికి పాత సైకిల్ ట్యూబు చాలు. పొడుగ్గా కోసి కిటికీ గ్రిల్‌కు కట్టండి. మోచేతికీ పక్కటెముకలకూ మధ్య చుట్టిన తువ్వాల పెట్టుకుని, అది జారకుండా ముంజేతిని బయటికి తిప్పండి. తువ్వాల పడిపోయిందంటే భుజం మోసం చేస్తోందని అర్థం. కాళ్లకు అపార్ట్‌మెంటు మెట్లున్నాయి. 18 హోల్స్ (ఒక్కో బాస్కెట్‌కు ఒక హోల్) రౌండ్ అంటే కోర్సును బట్టి నాలుగైదు కిలోమీటర్ల నడక, చివరి హోల్స్‌లో త్రో చెడేది చాలాసార్లు కాళ్ల అలసటతోనే.

నొప్పి వచ్చేసి, రెండు వారాల విశ్రాంతికీ తగ్గకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, రాత్రి నిద్ర లేపుతున్నా డాక్టరుకు చూపించండి. కట్టు కట్టుకుని ఆడేయడం పరిష్కారం కాదు.

ఆఫీసు నుంచి వచ్చేసరికి చీకటి, పట్ అలవాటు తప్పింది

డిసెంబరు మొదట్లో ఇక్కడ 5:40కే సూర్యుడు దిగిపోతాడు. జనవరిలో 6:45 దాటితే గానీ పైకి రాడు. ఉద్యోగస్తులకు మైదానం దొరికేది శని, ఆదివారాలే. పట్, అంటే దగ్గర నుంచి బాస్కెట్‌లోకి వేసే త్రో, మాత్రం వారానికి ఒకరోజు సాధనతో నిలవదు.

మందు మన డాబా మీదే ఉంది. బాస్కెట్ అంచు నేల నుంచి దాదాపు 82 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, చాలా ఇళ్ల పిట్టగోడ అంతకన్నా కొంచెమే ఎక్కువ. నీళ్ల ట్యాంకు గోడ మీద ఆ ఎత్తులో సుద్దతో గీత గీసి, దానిపైన రెండు జానల వెడల్పున పెట్టె గీయండి. పెట్టెకు ముందు బట్టల తీగ మీద పాత దుప్పటి వేసి, అదే పెట్టెను దాని మీదా గీస్తే చప్పుడు ఉండదు, కింది ఇంటివాళ్లు పైకి రారు. పిట్టగోడ వైపు మాత్రం విసరొద్దు, వీధిలో నడిచేవాళ్లుంటారు.

నాలుగు మీటర్ల దూరం నుంచి ఇరవై పట్‌లు వేసి, ఎన్ని పెట్టెలో పడ్డాయో గోడ మీదే రాయండి. వరసగా మూడు రోజులు పద్దెనిమిది దాటితే ఒక అడుగు వెనక్కి జరగండి. ఇక్కడ ఒక నియమం గుర్తుంచుకోవాలి. బాస్కెట్‌కు 10 మీటర్ల లోపల పట్ వేసినప్పుడు, వేశాక ఒంటి మీద పూర్తి అదుపు చూపించాకే ముందుకు కదలాలి. డాబా మీద అది అలవాటు చేసుకోవడం తేలిక. ప్రతి పట్ తర్వాతా ముందు కాలి మీద రెండు అంకెలు లెక్కపెట్టేదాకా నిలబడండి. మొదటి వారం తూలుతారు. ఆ తూలడమే మైదానంలో పట్‌లను కుడికీ ఎడమకూ లాగుతున్నది.

చీకట్లో మెరిసే డిస్కులుంటే ఇంకో దారీ ఉంది. టార్చి వెలుతురు కాసేపు పట్టిస్తే గాల్లో పచ్చగా కనిపిస్తాయి, ఆకాశం కింద అది పోతున్న తీరు చూడ్డానికే సగం ఆనందం.

పొద్దున ఆడితే గొంతు మంట, ఆయాసం

చలికాలం తెల్లవారుజామున నేల దగ్గర చల్లగాలి, దానిపైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటాయి. బండ్ల పొగ, దుమ్ము, చెత్త కాల్చిన వాసన ఆ మూత కింద ఉండిపోతాయి. సనత్‌నగర్, పటాన్‌చెరు లాంటి పారిశ్రామిక ప్రాంతాల వైపు ఉండేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఎండెక్కితే ఆ మూత లేస్తుంది. సెలవురోజున ఆరుకు బదులు తొమ్మిదికి వెళ్లండి, అప్పటికి గడ్డి కూడా ఆరుతుంది. దాహం వెయ్యకపోయినా గంటకోసారి నీళ్లు తాగండి.

జనవరి మూడో వారంలో వేళ్లకు కోతలు

కారణం మాంజా. పండగ గాలిపటాల దారం మైదానాల్లో, చెట్ల కొమ్మల్లో వారాల తరబడి మిగిలి ఉంటుంది. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించినా ఇంకా కనిపిస్తూనే ఉంది. పరేడ్ గ్రౌండ్స్ లాంటి చోట్లకు పండగ తర్వాత వెళ్తే విసిరే ముందు పది అడుగులు నడిచి నేల చూసుకోండి. డిస్క్ చెట్టుకు చిక్కుకుంటే చెయ్యి పెట్టి లాగొద్దు, పొడుగాటి కర్రతో కిందికి నెట్టండి. దొరికిన దారాన్ని చుట్టి సంచిలో వేసుకుని తీసుకెళ్లండి. ఆ కొమ్మల మధ్యకే సాయంత్రం పిట్టలు తిరిగొస్తాయి.