మాజీ ప్రధాని మీద అవినీతి ఫిర్యాదు: హనుమకొండ నుంచి నడిపే పద్ధతి

వంగర నుంచి ఢిల్లీ గద్దె దాకా పోయిన పి.వి. నరసింహారావు మీద నడిచిన కేసుల ప్రస్తావన వస్తే మన దగ్గర రెండు మాటలు వినపడతాయి. కావాలని ఇరికించిన్రు అని ఒకటి, పెద్దోళ్లకు శిక్షలు ఎక్కడ పడతయ్ అని ఇంకొకటి. కాగితాలు చూస్తే రెండూ నిలబడవు. 1993 జూలై 28న ఆయన ప్రభుత్వం మీద పెట్టిన అవిశ్వాస తీర్మానం 251-265 ఓట్లతో వీగిపోయింది. ఆ ఓట్ల కోసం జార్ఖండ్ ముక్తి మోర్చా ఎంపీలకు డబ్బు ముట్టిందన్న కేసు 1996లో ఒక ప్రైవేటు వ్యక్తి సీబీఐకి ఇచ్చిన ఫిర్యాదుతో కదిలింది. 2000 సెప్టెంబరు 29న ప్రత్యేక కోర్టు పి.వి.ని దోషి అన్నది, అక్టోబరు 12న మూడేళ్ల జైలు వేసింది. 2002 మార్చి 15న ఢిల్లీ హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. అప్రూవర్‌గా, అంటే నిందితుల్లోంచి ప్రభుత్వ సాక్షిగా మారిన ఎంపీ శైలేంద్ర మహతో సాక్ష్యం నమ్మదగ్గది కాదన్నది.

ఫిర్యాదు ఎవరైనా ఇవ్వొచ్చు. అది చివరిదాకా నిలుస్తుందా లేదా అన్నది మొదటి రోజు మీరు కట్టే ఫైలును బట్టి ఉంటుంది.

ముందు తేదీ తేల్చుకోండి

నేరం జరిగిందని మీరంటున్న రోజు ఏది? దాన్నిబట్టే మీ దారి మారుతుంది. చాలా ఫిర్యాదులు "ఆయన హయాంలో" అని రాసి ఇక్కడే చెడిపోతాయి. హయాం తేదీ కాదు. ఫలానా ఉత్తర్వు మీద సంతకం పడిన రోజు, ఫలానా ఖాతాలో డబ్బు పడిన రోజు కావాలి.

ఏడేళ్లు దాటిన ఆరోపణను లోక్‌పాల్, అంటే కేంద్రంలో పెద్ద పదవులవాళ్ల మీద అవినీతి ఫిర్యాదులు చూసే సంస్థ, తీసుకోదు. 2013 నాటి లోక్‌పాల్, లోకాయుక్త చట్టం 53వ సెక్షన్ ఆ గడువు పెట్టింది. కోర్టుకు, సీబీఐకి ఈ గడువు వర్తించదు. మూడేళ్లకు మించి శిక్ష పడే నేరాలకు కాలపరిమితి లేదు.

2018 జూలై 26న అవినీతి నిరోధక చట్టం మారింది. అంతకుముందు ప్రజాప్రయోజనం లేకుండా ఇంకొకరికి లాభం చేకూర్చడం కూడా 13(1)(డి) కింద నేరమే. ఆ క్లాజు ఇప్పుడు లేదు. ఆ రోజు తర్వాత జరిగిన పనికి పాత సెక్షన్ రాస్తే అవతలి వకీలు మొదటి వాయిదాలోనే ఫైలు పక్కన పెట్టిస్తాడు. కొత్త చట్టంలో మిగిలింది లంచం, తన చేతికి అప్పగించిన ఆస్తిని కాజేయడం, ఆదాయానికి మించిన ఆస్తి. 2024 జూలై 1 ఇంకో గీత. అంతకుముందు నేరమైతే సెక్షన్లు ఐపీసీవి, ఇప్పుడు నడిచే పద్ధతి మాత్రం పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితది.

ఏ తలుపు తట్టాలి

మాజీ ముఖ్యమంత్రి, మాజీ రాష్ట్ర మంత్రి అయితే రాష్ట్ర అవినీతి నిరోధక శాఖ ఏసీబీ ఉంది, టోల్‌ఫ్రీ 1064. ఆ దారి వేరు, ఇక్కడ వదిలేద్దాం. మాజీ ప్రధాని, మాజీ కేంద్ర మంత్రి, మాజీ ఎంపీ అయితే లోక్‌పాల్. పదవిలో ఉన్నవారినే కాదు, ఒకప్పుడు ఉన్నవారినీ లోక్‌పాల్ చట్టం 14వ సెక్షన్ కలుపుకుంది. ప్రధాని విషయంలో మాత్రం కంచె ఎక్కువ. అంతర్జాతీయ సంబంధాలు, దేశ భద్రత, శాంతిభద్రతలు, అణుశక్తి, అంతరిక్షం మీద ఆరోపణలను ముట్టుకోరు. మిగతావాటికి ఛైర్మన్, సభ్యులందరూ కూర్చుని మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటేనే విచారణ మొదలవుతుంది, అది కూడా తలుపులు మూసి. ఫిర్యాదు కొట్టేస్తే ఆ రికార్డు బయటికి రాదు. కాబట్టి కాపీలన్నీ మీ దగ్గర ఒక సెట్టు ఉండాలి.

హనుమకొండ కోర్టులో కేసు వేద్దాం అనుకునేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఢిల్లీలో తీసుకున్న నిర్ణయం మీద విచారణ మామూలుగా ఢిల్లీ ప్రత్యేక కోర్టులోనే. డబ్బు చేతులు మారింది ఇక్కడైతే తప్ప ఇక్కడి కోర్టుకు పని లేదు. కాజీపేటలో రైలెక్కక తప్పదు.

ఫైలు కట్టడం

సమాచార హక్కు దరఖాస్తుతో మొదలుపెట్టండి. ఫీజు పది రూపాయలు, కాపీకి పేజీకి రెండు. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఇంకో 30 రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రెండో అప్పీలు. "ఫైలు ఇవ్వండి" అని అడగొద్దు. ఫైలు నంబరు, నోట్ షీట్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అని అడగండి. కేబినెట్ కాగితాలంటూ తిప్పి పంపితే, నిర్ణయం అయిపోయి వ్యవహారం ముగిశాక అవి ఇవ్వాల్సిందేనని 8(1)(ఐ)లోనే ఉందని అప్పీలులో రాయండి.

ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదిక రుజువు కాదు, ఎక్కడ తవ్వాలో చూపే గురుతు మాత్రమే. 2జీ స్పెక్ట్రమ్ కేటాయింపుల్లో 1.76 లక్షల కోట్ల నష్టం అని కాగ్ వేసిన లెక్క దేశమంతా మోగింది. 2017 డిసెంబరు 21న ప్రత్యేక కోర్టు నిందితులందరినీ వదిలేసింది. పేపర్ కటింగుల సంగతీ అంతే. పది కటింగుల కన్నా ఒక సర్టిఫైడ్ కాపీ బరువు ఎక్కువ.

ఆస్తుల ఆరోపణ అయితే ఎన్నికల్లో నామినేషన్‌తో ఇచ్చే ఆస్తుల అఫిడవిట్లు (ఫారం 26) వరుసగా పెట్టుకోండి. లెక్క ఇట్లా వేస్తారు. పదవీకాలం మొదట్లో ఆస్తి 40 లక్షలు, చివర 2 కోట్ల 10 లక్షలు అనుకోండి. పెరిగింది 1 కోటి 70 లక్షలు. దానికి ఆ కాలంలో పెట్టిన ఖర్చు 30 లక్షలు కలిపితే 2 కోట్లు. తెలిసిన ఆదాయం 1 కోటి 20 లక్షలు తీసేస్తే లెక్క చెప్పాల్సింది 80 లక్షలు, అంటే ఆదాయం మీద దాదాపు 67 శాతం. పది శాతం లోపు తేడాను కోర్టులు పట్టించుకోకపోవడం 1976 నుంచి ఉంది. ఖర్చును కలపడం మరిచిపోయేవాళ్లే ఎక్కువ. కూడికలు రెండుసార్లు చూడండి. జయలలిత కేసులో 2015లో కర్ణాటక హైకోర్టు ఆమెను వదిలేసిన తీర్పులో అప్పుల కూడికే తప్పింది, 10 కోట్ల పైచిలుకు కాస్తా 24 కోట్లయింది. సుప్రీంకోర్టు దాన్ని సరిదిద్దేటప్పటికి ఆమె బతికిలేరు.

ఫోన్ రికార్డింగు, వాట్సాప్ సందేశం ఉంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చేయాలి. అందులో రెండు భాగాలు: మొదటిది ఫోన్ ఎవరి దగ్గరుందో వాళ్లది, రెండోది నిపుణుడిది. ఫైలు మారలేదని చూపే వేలిముద్రలాంటి అంకె, హ్యాష్ విలువ, రాయాలి. అసలు ఫోన్ అమ్మేయొద్దు, ఫార్మాట్ చేయొద్దు.

మీరే లంచం ఇచ్చి ఉంటే జాగ్రత్త. బలవంతం మీద ఇచ్చినా ఏడు రోజుల్లో అధికారులకు చెప్పాలి. లేకపోతే అవినీతి నిరోధక చట్టం 8వ సెక్షన్ కింద మీరూ నిందితులే.

ఫిర్యాదు రాయడం, పంపడం

లోక్‌పాల్ ఫారం 2020 నిబంధనలతో వచ్చింది. తెలుగులో రాసినా స్వీకరించే వీలుంది, అయినా ఇంగ్లిషు అనువాదం జతచేస్తే కదలిక ఉంటుంది. పేరు లేని అర్జీ చెల్లదు. గుర్తింపు కార్డు కాపీ, నాన్ జుడీషియల్ స్టాంపు పేపరు మీద అఫిడవిట్ కావాలి. నోటరీ సంతకం అయ్యాక పేజీ మార్చొద్దు, మళ్లీ చేయించండి. ఒక్కో ఆరోపణకు ఒక్కో పేరా, పేరా చివర జతపత్రం నంబరు. మీకు స్వయంగా తెలిసింది వేరు, కాగితం చూసి తెలిసింది వేరు, విన్నది వేరు అని విడగొట్టి రాయండి. తప్పని తెలిసీ ఇచ్చిన ఫిర్యాదుకు ఏడాది దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉన్నాయి. తిట్లు, బిరుదులు ఒక్కటీ వద్దు. ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, పోస్టులోనూ పంపొచ్చు. పోస్టయితే స్పీడ్ పోస్టు రసీదు ఫైలులో కుట్టేయండి. విచారణకు తీసుకుంటే ప్రాథమిక విచారణకు 90 రోజులు, కారణాలు రాసి ఇంకో 90.

సాంక్షన్ అనే ముడి

లోక్‌పాల్ దారిలో ప్రాసిక్యూషన్‌కు అనుమతినిచ్చే అధికారం లోక్‌పాల్‌కే ఉంది. పోలీసు, సీబీఐ దారిలో రెండు గేట్లు. అధికార నిర్ణయం మీద దర్యాప్తు మొదలుపెట్టడానికే అవినీతి నిరోధక చట్టం 17ఏ సెక్షన్ అనుమతి కావాలి, కోర్టు కేసు తీసుకోవడానికి అదే చట్టం 19వ సెక్షన్ సాంక్షన్, అంటే ప్రాసిక్యూషన్‌కు ప్రభుత్వ అనుమతి, కావాలి. ఒక్కోదానికి మూడు నెలలు, పొడిగింపు ఒక నెల. 2018 సవరణ తర్వాత మాజీలకు కూడా ఇదే రక్షణ.

ప్రైవేటు మనిషి నేరుగా సాంక్షన్ అడిగితే చెల్లదు. ముందు ప్రత్యేక కోర్టులో ఫిర్యాదు వేయాలి, కోర్టు దాన్ని కొట్టేయకుండా సాంక్షన్ తెచ్చుకొమ్మని చెప్పాలి, అప్పుడు అడగాలి. ఈ వరుస తప్పి రెండేళ్లు తిరిగేవాళ్లున్నారు. కోర్టుకు పోతే సాంక్షన్ ఏదంటారు, సాంక్షన్‌కు పోతే కోర్టు ఉత్తర్వు ఏదంటారు.

కమిషన్ వేస్తే అయిపోయినట్టేనా

కాదు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద వేసిన కమిషన్ నివేదిక ఇస్తుంది, శిక్ష వేయదు. ఎమర్జెన్సీ మీద 1977 మేలో షా కమిషన్ వేశారు. అదే ఏడు అక్టోబరు 3న ఇందిరాగాంధీని అరెస్టు చేస్తే మరునాడే మేజిస్ట్రేటు విడిచిపెట్టాడు, పట్టుకొచ్చినవాళ్ల దగ్గర ఆధారం లేకపోవడమే కారణం. 1978 డిసెంబరులో లోక్‌సభ సభాహక్కుల కింద ఆమెను వెలివేసి జైలుకు పంపింది. సభ వేసే ఆ శిక్ష సమావేశాలు ముగిసేదాకానే. 1980లో మన మెదక్ నుంచి గెలిచి వచ్చారు. 1981 మేలో లోక్‌సభ ఆ తీర్మానాన్నే రద్దు చేసుకుంది. రాజకీయ శిక్షను మెజారిటీ వేస్తుంది, మెజారిటీయే తీసేస్తుంది.

తన నివేదికతో ఎవరి పేరు చెడుతుందో ఆ మనిషికి కమిషన్ ఆ చట్టం 8బీ సెక్షన్ కింద నోటీసు ఇచ్చి మాట వినాలి. వినకపోతే ఆ నివేదికను హైకోర్టులో పక్కన పెట్టించడం తేలిక. ఛైర్మన్ ముందే పత్రికలవాళ్లతో మాట్లాడినా చిక్కే. తెలంగాణ విద్యుత్ కొనుగోళ్ల కమిషన్‌కు 2024 జూలైలో సుప్రీంకోర్టు ముందు ఛైర్మన్‌ను మార్చుకోవాల్సి వచ్చింది అందుకే. మీరు కమిషన్‌కు కాగితాలిస్తే, అవే కాగితాలతో మీ ఫిర్యాదును విడిగా నడపండి. కమిషన్ ముందు చెప్పిన వాంగ్మూలాన్ని చెప్పినవాడి మీదే క్రిమినల్ కేసులో వాడడం కుదరదు.

ఇక ప్రభుత్వం మారి కేసు ఉపసంహరించుకుంటారేమో అన్న భయం. 2021 ఆగస్టు 10 సుప్రీంకోర్టు ఉత్తర్వు ప్రకారం హైకోర్టు అనుమతి లేకుండా ఎంపీ, ఎమ్మెల్యేల మీద, మాజీల మీద కేసులు వెనక్కి తీసుకోవడం కుదరదు. అట్లాంటి పిటిషన్ పడితే హైకోర్టులో అభ్యంతరం వేయండి.

సాక్షిగా పిలిస్తే

నోటీసు కాగితం మీద రావాలి. 60 ఏళ్లు దాటిన మగవారిని, మహిళలను ఇల్లు దాటి రమ్మనకూడదు, ఇంటికే వచ్చి రాసుకోవాలి. పోలీసులు రాసుకున్న వాంగ్మూలం మీద సంతకం పెట్టొద్దు, చట్టమే వద్దన్నది. మేజిస్ట్రేటు ముందు నాగరిక్ సురక్షా సంహిత 183వ సెక్షన్ కింద ఇచ్చేదానికి మాత్రం సంతకం ఉంటుంది. చదివి వినిపించమని అడగండి, తేదీలు, మొత్తాలు మీ ఫిర్యాదులో ఉన్నట్టే ఉన్నాయో లేదో చూసి అప్పుడు పెట్టండి. మహతో మాట తేలిపోయింది ఇట్లాంటి తేడాల దగ్గరే.