చేయి పట్టి లాగినప్పుడు
విజయనగరం సిరిమానోత్సవం వంటి జనసమ్మర్దంలో ఎవరైనా మణికట్టు పట్టి లాగితే, ఎదురు లాగకుండా, ఆ పట్టులో బలహీనమైన చోటైన వారి బొటనవేలి వైపు మన చేతిని తిప్పి, మోచేతిని వారి ముంజేతి మీదికి నెడుతూ ఒక్క ఊపున విడిపించుకోవాలి. ఇది చదివితే వచ్చేది కాదు, ఇంట్లో అక్కతోనో అమ్మతోనో పదేపదే సాధన చేయాలి.

అప్పటికీ వదలకపోతే పిడికిలితో తలపై గుద్దవద్దు, మన వేళ్ల ఎముకలే విరగవచ్చు. మణికట్టుకు ఆనుకొని ఉన్న అరచేతి గట్టి భాగంతో ముక్కుపై కొడితే కళ్లలో నీళ్లు తిరిగి చూపు మసకబారుతుంది. గొంతు, మెడ వెనుక భాగం ప్రాణాంతక స్థానాలు కనుక, ప్రాణం మీదికి వస్తే తప్ప వాటి జోలికి పోరాదు. భారతీయ న్యాయ సంహిత ఆత్మరక్షణ హక్కును ఇస్తూనే అవసరానికి మించిన హానిని అనుమతించదు. పట్టు వీడగానే అరుస్తూ, జనమున్న దుకాణాల వైపు పరుగెత్తి 112కు ఫోన్ చేయాలి.