స్పార్క్ ప్లగ్గు జిడ్డుగా వచ్చిందా? ఇంజిన్ విప్పే ముందు ఇవి చూడండి

బండి స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు) మిస్ కొడుతోంది, ఆయిల్ తగ్గుతోంది అనగానే "పిస్టన్ రింగులు పోయాయి, ఇంజిన్ విప్పాలి" అంటారు. విజయవాడ ఆటోనగర్‌లో పనిచేసేవాణ్నిగా చెబుతున్నాను, ముందు ప్లగ్గులు, ఆ తర్వాత పీసీవీ వాల్వ్ (ఇంజిన్ లోపలి గ్యాసును బయటికి లాగే చిన్న వాల్వ్) చూడకుండా ఆ ఖర్చుకు ఒప్పుకోకండి.

ఇంజిన్ చల్లారాకే ప్లగ్గులు తీయండి. వేడి మీద తీస్తే అల్యూమినియం హెడ్ థ్రెడ్లు పాడవుతాయి. ఏది ఏ సిలిండర్‌దో వరుస తప్పనివ్వొద్దు, సగం జబ్బు ఆ వరుసలోనే తెలుస్తుంది.

కొన లేత గోధుమ రంగులో ఉంటే బాగున్నట్టే. వేలికి పొడి మసి అంటితే పెట్రోలు ఎక్కువ పడుతూ ఉండొచ్చు, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు, బండి రోజూ కొద్ది దూరమే తిరుగుతున్నా అంతే. ఆయిల్ పైన పింగాణీకి, థ్రెడ్లకే అంటి, కొన పొడిగా ఉంటే ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) దగ్గర సీలు కారుతోంది, చిన్న పని. కొనే తడిగా, జిడ్డుగా, నల్లగా ఉంటే లోపల ఆయిల్ కాలుతోంది.

ఆ జిడ్డు ఒక్క సిలిండర్‌లోనే ఉంటే అక్కడి రింగులనో వాల్వ్ సీలునో అనుమానించాలి. అన్నిటికీ ఒకేలా ఉంటే నా చెయ్యి ముందు పీసీవీ వాల్వ్ మీదికే పోతుంది. పిస్టన్ల పక్కనుంచి కిందికి దిగే గ్యాసును మళ్లీ ఇంటేక్‌లోకి పంపేది అదే. మూసుకుపోతే క్రాంక్‌కేసులో (ఇంజిన్ కింది గదిలో) ప్రెషర్ పెరిగి సీళ్లు కారతాయి, ఒక్కోసారి డిప్‌స్టిక్ కూడా పైకి లేస్తుంది. తెరుచుకునే ఉండిపోతే ఆయిల్ ఇంటేక్‌లోకి పోతుంది, స్లో నిలవదు.

ఇంజిన్ స్లోలో ఉంచి, ఆయిల్ మూత తీసి, రంధ్రం మీద కాస్త గట్టి కాగితం పెట్టండి. మెల్లగా అంటుకోవాలి. ఎగిరిపడితే ప్రెషర్ ఉన్నట్టే. తర్వాత పీసీవీ వాల్వ్‌ను ట్యాపెట్ కవర్ నుంచి లాగి వేలు అడ్డం పెట్టండి, పీల్చాలి. పీల్చకపోతే వాల్వో, పైపో మూసుకుపోయింది. రబ్బరు పైపు పగిలిందేమో కూడా తడిమి చూడండి. ఇంజిన్ ఆపి వాల్వ్‌ను ఊపితే టకటకమనాలి. చప్పుడు వచ్చినంత మాత్రాన బాగుందని నేననుకోను, స్ప్రింగు నీరసించినా చప్పుడు వస్తుంది. అనుమానముంటే మార్చేస్తాను. కొన్ని కొత్త బండ్లలో ఇది కవర్‌లోనే కలిసి ఉంటుంది, వాటికి కాగితం పరీక్షే దారి.

కొత్త వాల్వ్ వేశాక కూడా కాగితం ఎగిరితే కంప్రెషన్ టెస్టు (ఒక్కో సిలిండర్‌లో ఒత్తిడి ఎంతుందో కొలవడం) చేయించండి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడాలి. రీడింగ్ పెరిగితే రింగులే.

జిడ్డు ప్లగ్గులను గీకి మళ్లీ వేయొద్దు. కొత్తవి మొదట చేత్తోనే తిప్పి, చివర్లో పానా పెట్టండి. 500 కిలోమీటర్లు తిరిగాక డిప్‌స్టిక్ చూసుకుని, ఒక ప్లగ్గు తీసి కొన చూడండి.